మనిషి లేని ఫోటోలు

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు అని పెద్దలు ఊరికే అనలేదు. చిన్నకోడలు పని మీద పరాయి దేశం వెళ్తూ బావగారిని వెంటబెట్టుకు వెళ్ళింది. ఆ మాట ఆయన ముందు అనకూడదు. ఆయన లెక్కలో ఆయనే ఆమెని తీసుకెళ్ళాడు. పాస్‌పోర్టులు ఆయన సంచిలో, టిక్కెట్లు ఆయన సంచిలో, కెమెరా ఆయన మెళ్ళో. పని ఒక్కటే ఆమె బుర్రలో ఉంది.

ఆ ఇంటివాళ్ళది మేజోళ్ళ మిల్లు. మిల్లు అంటే మరీ ఊహించుకోకండి, రేకుల షెడ్డులో మూడు మిషన్లు. రెండు కొత్తవి, వాటికి పసిపిల్లల మేజోళ్ళు అల్లడం తప్ప ఇంకేం చేతకాదు. మూడోది మామగారి కాలంనాటిది. పెద్దవాళ్ళ మేజోళ్ళు అల్లేది అదొక్కటే, ఇల్లు గడిచేదీ దాని పుణ్యానే. దాని పొట్టలో ఒక ఇనప డ్రమ్ము ఉంటుంది. డ్రమ్ము చుట్టూ నలభై ఎనిమిది వరసల కన్నాలు, ఆ కన్నాల్లో మేకులు. కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి, కొన్ని ఓ పక్కకి వాలినవి. డ్రమ్ము తిరుగుతూ ఉంటే ఏ మేకు తగిలితే మిషన్ ఆ పని చేస్తుంది. ఇక్కడ సాగే అంచు అల్లు, ఇక్కడ మడమ తిప్పు, ఇక్కడ వేళ్ళ దగ్గర మూసెయ్. మిషన్‌కి తెలివంటూ ఉంటే అది ఆ మేకుల్లోనే ఉంది.

ఎనిమిది నెలల కిందట ఓ ఆదివారం బావగారికి ఏమీ తోచలేదు. పిచ్చివాడి చేతికి రాయి దొరికినట్టు ఆయన చేతికి కిరసనాయిలు గుడ్డ దొరికింది. తుప్పు వదిలిస్తానని మేకులన్నీ పీకి డబ్బాలో పోసి, కడిగి, ఆరబెట్టి, తిరిగి తోచిన కన్నంలో తోచిన మేకు గుచ్చాడు. సోమవారం పొద్దున చిన్నకోడలు మీట వేసింది. మడమ లేదు, వేళ్ళు లేవు. రెండు వైపులా తెరుచుకున్న పొడుగాటి గొట్టం ఒకటి బయటికొచ్చి బుట్టలో పడింది.

"దెబ్బ తగిలితే కట్టు కట్టుకోవడానికి పనికొస్తుంది," అన్నాడు బావగారు దాన్ని మోచేతికి తొడుక్కుని చూసుకుంటూ. "అయినా నేను ముట్టుకోకముందు నుంచే అది కాస్త తేడాగా నడుస్తోందిగా!"

ఆడలేక మద్దెల ఓడు. పదకొండేళ్ళుగా ఆ మిషన్ నడిపింది చిన్నకోడలు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మామగారు పక్కన నిలబెట్టుకుని చేత్తో నేర్పిన పని అది. కాగితం మీద ఒక్క గీత లేదు. ఆయన పోయాడు, మిషన్ చేసిన కంపెనీ అంతకంటే ముందే పోయింది. ఆమె ఏడు నెలలు మేకులు మార్చి మార్చి చూసింది. గొట్టాలు వచ్చాయి, సంచులు వచ్చాయి, ఓసారి రెండు మడమలున్న మేజోడు కూడా వచ్చింది.

చివరికి ఆమె భర్త రాయని చోటంటూ లేకుండా రాయగా, ఎక్కడో పరాయి దేశంలో మూతపడ్డ మిల్లు నుంచి జవాబొచ్చింది. అచ్చం అదే మిషన్ అక్కడొకటి ఉంది. ఫలానా తేదీ సాయంత్రం నాలుగింటికి పాత ఇనుము లారీ వస్తుంది, ఆ లోపల వస్తే విప్పి చూపిస్తాను అని అక్కడి ముసలి ఫోర్‌మన్ ఎవరిచేతో ఇంగ్లీషులో రాయించాడు.

"ఈ ఒక్కటీ చూడండి," అంది అత్తగారు. "ఇదీ కుదరకపోతే ఆ మిషన్‌ని తూకానికి అమ్మేసి షెడ్డు ఎవరికైనా అద్దెకిచ్చేద్దాం. ఇంక నా వల్ల కాదు."

మిగతా రెండు మిషన్లకీ మనిషి కావాలి కనక భర్త కదలడానికి లేదు. ఇంటికి పెద్దవాడుండగా చిన్నకోడలు ఒంటరిగా దేశం కాని దేశం వెళ్ళడమేమిటని అత్తగారు బావగారిని ఖాయం చేసింది. బావగారు వెళ్తే ఆయన మాత్రలూ ఆయన బనీన్లూ చూసుకోవాలి కాబట్టి తోడికోడలూ ఖాయమైంది. అలా పని ఒకరిది, ప్రయాణం ముగ్గురిది అయింది.

నోటుబుక్కులో రాసుకుంటానని చిన్నకోడలు అంటే బావగారు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"వరసకి పన్నెండు కన్నాలమ్మా! పొట్టి, పొడుగు, వాలు అనుకుంటూ కూర్చుంటే లారీ వచ్చి నిన్ను కూడా ఎత్తుకుపోతుంది. ఇంట్లో కెమెరా పెట్టుకుని కాగితం ఏమిటి?"

పాడు నోటి నుంచి కూడా ఒక్కోసారి మంచి మాట వస్తుంది, ఇది అలాంటిదే. ఫోన్లలో కెమెరాలు ఇంకా సరిగ్గా రాని రోజులు. ఉన్నది ఆ డిజిటల్ కెమెరా ఒక్కటే, దానికి రెండు బ్యాటరీలు, ఒక ఛార్జర్, మూడు కార్డులు. కార్డుకి నూట ఇరవై ఫోటోలు పడతాయి. రెండు కార్డులు బావగారి ముచ్చటకి వదిలేసి, మూడోదాన్ని కాగితంలో చుట్టి 'మిషన్' అని రాసి తన చేతిసంచిలో వేసుకుంది చిన్నకోడలు.

ఆ ఇంట్లో కెమెరాకి ఒక నియమం ఉంది. మనిషి ఉన్న ఫోటో చెరపకూడదు. చెరిపితే ఆ మనిషి ఆయుష్షు తరుగుతుందని అత్తగారి నమ్మకం. అందుకని వాళ్ళ కంప్యూటర్ నిండా కళ్ళు మూసుకున్నవాళ్ళు, తల తెగినవాళ్ళు, ఆవలిస్తున్నవాళ్ళు, బావగారి బొటనవేలు వెనకాల మసగ్గా నిలబడ్డవాళ్ళు పదిలంగా ఉన్నారు. నవ్వొచ్చినా ఎవరూ నవ్వరు.

పరాయి దేశంలో హోటల్ గది ముగ్గురికీ కలిపి ఒకటే తీసుకున్నాడు బావగారు. "ఒక కుటుంబమే కదా, మొహమాటమేంటి?" అన్నాడు. తోడికోడళ్ళిద్దరూ మంచం మీద, ఆయన కిటికీ కింద సోఫా మీద. మొహమాటం సంగతేమో గానీ, రోత మాత్రం మొదటి గంటలోనే మొదలైంది. కాలిగోళ్ళు కత్తిరించుకుని ఆ ముక్కలు టీ సాసర్లో పోశాడు. తడి బనీను తీసుకెళ్ళి హీటరు మీద ఆరేశాడు, గదంతా ఆయన వాసనే. పళ్ళు కుట్టుకున్న పుల్ల పారెయ్యకుండా, మళ్ళీ పనికొస్తుందని కెమెరా సంచి జేబులో, సరిగ్గా కార్డుల పక్కన పెట్టాడు. ఛీ, చెబుతుంటేనే నోరు కడుక్కోవాలనిపిస్తుంది.

బయట చలి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుందని, ఒంటి వేడి తగిలితే మళ్ళీ లేస్తుందని విమానంలో పక్కసీటాయన చెప్పాడట. ఆ మహానుభావుడు ఏ జేబులో పెట్టుకోమన్నాడో తెలియదు. బావగారు దాన్ని చొక్కా కిందుగా చంకలో పెట్టుకుని ఆ చెయ్యి దగ్గరగా నొక్కిపెట్టి నడిచేవాడు. అడిగితే తీసి ఇచ్చేవాడు, వెచ్చగా, చెమ్మగా, ఒక వెంట్రుకతో సహా.

"పట్టుకో అమ్మా, చూడు ఎంత వెచ్చగా ఉందో!"

చిన్నకోడలికి ఒళ్ళంతా కంపరమెత్తేది. రుమాలుతో పట్టుకుని, తుడిచి, ఇంకోసారి తుడిచి అప్పుడు కెమెరాలో వేసేది. రెండు రోజుల్లో రెండు రుమాళ్ళు చెత్తబుట్టలో పడ్డాయి. కార్డుది ఇంకో కథ. కార్డు మార్చేముందు ఆయన దాని రాగిపళ్ళని నాలికతో ఒకసారి నాకి, చొక్కాకి రుద్ది పెట్టేవాడు. అలా చేస్తే కాంటాక్టు బాగా తగులుతుందట.

ఇక ఫోటోలంటారా, హోటల్ పూలకుండీతో బావగారు, పొద్దుటి పలహారం పళ్ళెంతో బావగారు, బస్సుతో బావగారు, ఎవరిదో కారుకి ఆనుకుని సొంతదారులా బావగారు. నొక్కేది తోడికోడలు. ఆయన ఒక చెయ్యి నడుం మీద వేసి, గడ్డం పైకెత్తి, పొట్ట లోపలికి బిగబట్టి, ఊపిరాడక "తీశావా? తీశావా?" అని పళ్ళ మధ్య నుంచి అడిగేవాడు. తీశానని ఆవిడ అనగానే పొట్ట మళ్ళీ ముందుకొచ్చి కూర్చునేది.

"తల నరికేశావు. మళ్ళీ తియ్యి."

"మరి ఇందాకటిది?"

"అది ఉండనీ. మనిషున్న ఫోటో చెరపకూడదుగా."

సాయంత్రం కాగానే సోఫాలో చతికిలబడి, తన ఫోటోలు తానే కెమెరా అద్దంలో ఒక్కొక్కటీ చూసుకునేవాడు. పెద్దవి చేసి, మీసం దగ్గరికి జరిపి, మురిసిపోయి, మళ్ళీ మొదటి నుంచి. తియ్యడానికంటే ఆ చూసుకోడానికే బ్యాటరీ ఎక్కువ తాగేది.

"బావగారూ, రేపు మిల్లుకి వెళ్ళాలి. బ్యాటరీ ఉంచండి," అంది చిన్నకోడలు మూడోరోజు.

"రెండున్నాయిగా అమ్మాయ్! అది సరే, ఆ మూడో కార్డు ఇలా ఇవ్వు. నావి రెండూ నిండిపోయాయి."

"రేపు మిషన్ పని అయ్యాక ఇస్తాను బావగారూ."

ఇంటికి పెద్దవాణ్ణి, ఒక్క కార్డు ముక్కకి నోచుకోలేదని ఆయన మూతి ముడుచుకున్నాడు. ఆ అలకతోనే పడుకునేదాకా పాత ఫోటోలు చూసి ఒక బ్యాటరీని పూర్తిగా తాగేశాడు.

ఆ గదిలో వాళ్ళ ఛార్జర్‌కి సరిపడే సాకెట్టు ఒక్కటే, అది బాత్రూంలో వాష్‌బేసిన్ పైన అద్దం పక్కన. పొద్దున్నే లేచి చిన్నకోడలు ఖాళీ అయిన బ్యాటరీని అక్కడ ఛార్జింగ్‌కి పెట్టింది. ఎర్రలైటు వెలిగింది. "మధ్యాహ్నం వచ్చేసరికి పచ్చలైటు వస్తుంది. దాన్ని ఎవరూ తియ్యకండి," అని ఇద్దరికీ వినబడేలా చెప్పి, నిండుగా ఉన్న రెండోదాన్నీ, 'మిషన్' కార్డునీ కెమెరాలో వేసుకుని బయల్దేరింది. గదిలోంచి చివరగా వచ్చింది బావగారు.

మిల్లు అరగంట నడక. ఎత్తయిన కిటికీలు, లోపల ఖాళీ. మిషన్లు పీకేసిన చోట నేల మీద నాలుగేసి బోల్టు కన్నాలు, పాత నూనె వాసన. కరెంటు ముందురోజే తీసేశారు. మూలన కిటికీ వెలుతురులో అదొక్కటీ నిలబడి ఉంది, అచ్చం ఇంట్లో దానిలాగే. పక్కన ముసలి ఫోర్‌మన్ నీలం రంగు పని కోటుతో ఉన్నాడు. ఆయన మాట ఈమెకి రాదు, ఈమె మాట ఆయనకి రాదు. ఆయన మూత విప్పి, చేతులు శుభ్రంగా తుడుచుకుని, ఈమె చెయ్యి తీసుకుని డ్రమ్ము మీద పెట్టాడు. మేకులు వేళ్ళకి తగిలాయి. ఎనిమిది నెలల్లో మొదటిసారి చిన్నకోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన పిడి తిప్పాడు. ఒక్క టక్కుకి ఒక్క వరస. టక్కు, ఫోటో. టక్కు, ఫోటో. ఒకటి నుంచి నలభై ఎనిమిది దాకా ఆమె పైకి లెక్కపెడుతూ తీసింది, తీసినదాన్ని వెంటనే చూసుకుంది, మసగ్గా ఉంటే మళ్ళీ తీసింది. రెండు గంటలు పట్టింది. నలభై ఎనిమిదీ వచ్చాయి. ఫోర్‌మన్ డ్రమ్ము వెనక స్ప్రింగు ఎలా బిగించాలో చూపిస్తానని సైగ చేశాడు. ఆమె చేతుల నిండా నూనె.

"ఇలా ఇవ్వమ్మా, నేను పట్టుకుంటాను," అన్నాడు బావగారు. "గేటు దగ్గర ఒక్కటి తీయించుకుంటా. ఒక్కటే."

కెమెరా ఇచ్చేసింది. నెత్తికెత్తుకుని తెచ్చుకున్న పాలకుండని పిల్లి ముందు దించింది.

గంట తరవాత చేతులు కడుక్కుని బయటికొచ్చేసరికి, మిల్లు పక్కన చెరువు గట్టు మీద బల్లపై బావగారూ తోడికోడలూ కూర్చుని ఉన్నారు. చెరువులో బాతులు. బావగారి ముఖంలో వెలుగు.

"చూడమ్మా, ఈ బాతు సరిగ్గా నా వైపే చూస్తోంది!"

చిన్నకోడలు కెమెరా అందుకుని మీట నొక్కుకుంటూ వెనక్కి వెళ్ళింది. బాతుతో బావగారు. రెండు బాతులతో బావగారు. బల్లతో బావగారు. గేటుతో బావగారు. గేటుతో, గేటుతో, మళ్ళీ గేటుతో. ఆ తరవాత నాలుగంటే నాలుగు డ్రమ్ము ఫోటోలు. ఆ వెనక చుట్టు తిరిగి మళ్ళీ మొదటి బాతుతో బావగారు.

"బావగారూ, నా ఫోటోలేవి?"

"కార్డు నిండిపోయిందమ్మా. కొన్ని తీసెయ్యాల్సి వచ్చింది."

"తీసెయ్యడమేంటి?"

"మరేం చెయ్యను? మనుషులున్నవి ఎలా చెరుపుతాం? అమ్మ ఊరుకుంటుందా? నీవన్నీ ఇనప ముక్కలేగా. పైగా ఒకేలాంటివి నలభై ఎనిమిది తీశావు! ఎందుకమ్మా అన్ని? అందుకే నాలుగు ఉంచాను." ఆయన వేళ్ళు నాలుగూ చూపించాడు. "బాగా వచ్చినవి ఏరి మరీ ఉంచాను."

కోపం వస్తుందనుకుంది, రాలేదు. రోత పుట్టింది. కళ్ళ ముందున్న మనిషి గడ్డం మీద రొట్టెముక్క అతుక్కుని ఉంది, మాట్లాడుతుంటే అది పైకీ కిందికీ కదులుతోంది. మేకులు పీకింది ఈ మనిషి. పీకి, డబ్బాలో పోసి, ఎనిమిది నెలలు ఇంటిల్లిపాదినీ గొట్టాల మధ్య కూర్చోబెట్టింది ఈ మనిషి. ఇప్పుడు వేళ్ళు చూపిస్తున్నదీ ఈ మనిషే. పన్నెండున్నర అయింది. కెమెరా మూలన ఎర్రగా బ్యాటరీ గుర్తు రెండుసార్లు కొట్టుకుని అద్దం నల్లబడిపోయింది.

"అయ్యో, దిగిపోయిందా? ఇలా ఇవ్వు, చంకలో పెట్టి..."

"వద్దు!" అంది చిన్నకోడలు. బాతులు రెండు నీళ్ళలోకి దూకాయి. "గదిలో ఇంకోటి ఉంది. మీరిద్దరూ ఇక్కడే ఉండండి. లారీ ముందొస్తే కాళ్ళు పట్టుకునైనా ఆపండి."

పరిగెత్తింది. పరిగెత్తలేని చోట నడిచింది. గది తలుపు తీసి, బాత్రూంలోకి వెళ్ళి చూస్తే సాకెట్టులో ఛార్జర్ లేదు. ముక్కులో వెంట్రుకలు కత్తిరించుకునే బావగారి మిషన్ దానికి వేలాడుతోంది. ఛార్జర్‌ని పీకి నేల మీద, తడి తువ్వాలు పక్కన పడేశాడు. పొద్దుటి నుంచీ అది అలాగే ఉంది.

ఆమె ఆ ముక్కుమిషన్‌ని రెండు వేళ్ళతో వైరు కొస దగ్గర పట్టుకుని పీకింది. ఛార్జర్ తగిలించింది. ఎర్రలైటు. టైము ఒంటిగంట. కాసేపైనా ఎక్కనివ్వాలి. మళ్ళీ ఎవరైనా పీకుతారేమోనన్నట్టు అక్కడే టబ్బు అంచు మీద కూర్చుంది. ఎదురుగా వాష్‌బేసిన్. తెల్లటి బేసిన్‌లో బావగారి ముక్కువెంట్రుకలు, సగం నల్లవి, సగం తెల్లవి, నీటిబొట్లకి అంటుకుని ఆరిపోయి ఉన్నాయి. అద్దం మీద పేస్టు తుంపరలు. చూడకూడదనుకుంటే చూపు అక్కడికే పోతోంది. ఒకటిన్నర. డోకు వచ్చింది, మింగింది. లేచి కడిగేద్దామా అనుకుని, ఛీ, నేనెందుకు కడగాలి అని మళ్ళీ కూర్చుంది. తన బతుకంతా ఈయన వదిలిపెట్టింది తుడవడమేనా? రెండు. ఎర్రలైటు ఎర్రగానే ఉంది. రెండుంపావుకి ఇంక కూర్చోలేక బ్యాటరీ తీసుకుని మళ్ళీ పరుగందుకుంది.

మిల్లు దగ్గర ఫోర్‌మన్ మూత విప్పే ఉంచాడు, పాపం తిండికి కూడా వెళ్ళలేదు. బ్యాటరీ వేసింది. అద్దం వెలిగింది. బ్యాటరీ గుర్తులో మూడింట ఒక వంతు. కార్డు నిండింది అని అక్షరాలు. ఒక్కొక్కటీ చెరుపుతూ కూర్చుంటే ఉన్న కాస్త బ్యాటరీ దానికే సరిపోతుంది. మొత్తం ఒక్కసారే చెరిపే మీట ఒకటి ఉంది, ఆమె దాని దగ్గరికి వెళ్ళింది.

"ఏయ్, ఏం చేస్తున్నావు?" బావగారు భుజం మీదుగా తొంగిచూశాడు. "అందులో నావి ఉన్నాయి. వందకి పైనే ఉంటాయి! మనిషున్నవి చెరుపుతావా? నేను బతికుండగానే? అమ్మకి తెలిస్తే... చూడవే, మీ చెల్లి నా ఆయుష్షు తీసేస్తోంది!"

'అన్నీ తీసెయ్యమంటారా?' అని కెమెరా అడుగుతోంది. చిన్నకోడలి వేలు మీట మీద ఆగింది. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో తింటున్న మనిషి, అత్తగారి మాట నమ్మకపోయినా చెవిలో మోగుతుంది. రోతే, నిజమే. అయినా రోత వేరు, ఆయుష్షు వేరు.

తోడికోడలు పక్కకొచ్చి నిలబడింది. నాలుగు రోజులుగా 'తీశావా' కి 'తీశా' అనడం తప్ప ఆవిడ పెద్దగా మాట్లాడిందే లేదు.

"నొక్కవే," అంది నెమ్మదిగా. "మూడు కార్డుల్లోనూ నేనెక్కడా లేను. నాకేమైంది, బతికే ఉన్నాగా."

నొక్కింది.

టక్కు, ఫోటో. టక్కు, ఫోటో. ఈసారి తీసినదాన్ని చూసుకోవడం లేదు, బ్యాటరీ చాలదు. ఊపిరి బిగబట్టి తీసింది. బావగారు గోడవైపు తిరిగి, తన చావువార్త తానే విన్నవాడిలా నిలబడ్డాడు. ముప్పై దాటేసరికి గుర్తు ఎర్రబడింది. నలభై ఒకటి దగ్గర బయట లారీ హారన్ కొట్టింది. ఫోర్‌మన్ తలుపు వైపు చూడనైనా చూడలేదు, పిడి తిప్పుతూనే ఉన్నాడు. నలభై ఎనిమిది. ఆమె కెమెరా ఆపి, కార్డు తీసి, జాకెట్టులో దోపుకుంది. లారీవాళ్ళు వచ్చి, మోయడానికి బరువని సమ్మెటతో మిషన్‌ని మూడు ముక్కలు చేశారు. ఫోర్‌మన్ అది చూడలేక బయటికి వెళ్ళిపోయాడు.

హోటల్ కింది ఫోన్ దగ్గరికి ఆమెకంటే ముందు బావగారు చేరాడు. ఆయన అయ్యాక భర్త లైన్లోకి వచ్చాడు.

"ఏం చేశావు నువ్వు? అమ్మ అన్నం ముట్టలేదు."

"డ్రమ్ము ఫోటోలు వచ్చాయండీ. నలభై ఎనిమిదీ వచ్చాయి."

"అది సరేలే. అన్నయ్యవి ఎందుకు చెరిపావు?"

అది సరేలే! తిరిగి ఇల్లు చేరేదాకా ఆ మాట ఆమెకి వెగటుగానే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక పదకొండు రోజులు పట్టింది. భర్త కంప్యూటర్ ముందు కూర్చుని వరసలు చదివాడు, ఆమె మేకులు గుచ్చింది. ఆ పదకొండు రోజులూ అత్తగారు ఆమెతో నేరుగా మాట్లాడలేదు. "మంచినీళ్ళు ఇమ్మని చెప్పు ఆవిడకి," అని తోడికోడలితో అనేది, 'ఆవిడ' ఎదురుగానే నిలబడి ఉండగా. బావగారు మాత్రం ఆయుష్షు తగ్గినవాడికి తగ్గట్టు మంచం దిగలేదు. రెండుపూటలా నెయ్యి వేసుకుని మరీ నీరసపడ్డాడు.

పన్నెండోరోజు పొద్దున అందరూ షెడ్డులోకి వచ్చారు. అత్తగారు కుర్చీలో కూర్చుంది. పోయిన ఫోటోలకి పరిహారంగా మిషన్ పక్కన పెద్దవాడి ఫోటో ఒకటి కొత్తగా తీసి, మామగారి పటం పక్కన పెట్టాలని ఆవిడ తీర్మానించింది. బావగారు ఇస్త్రీచొక్కా తొడుక్కుని దిగాడు. కెమెరా తోడికోడలి చేతిలో ఉంది.

చిన్నకోడలు మీట వేసింది. కొత్తగా సర్దిన డ్రమ్ము కాస్త బిగువుగా ఉంది, మీట మీంచి చెయ్యి తీస్తే మిషన్ ఆగిపోతోంది. ఆమె పట్టుకునే నిలబడింది. సాగే అంచు వచ్చింది. పొడుగు వచ్చింది. టక్కుమని సూదులు వెనక్కి తిరిగాయి, ముందుకొచ్చాయి, మళ్ళీ వెనక్కి. మడమ! ఆమె గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. వేళ్ళ దగ్గర మూసుకుని, మేజోడు బుట్టలో పడింది. ఎనిమిదిన్నర నెలల తరవాత పుట్టిన మొదటి మేజోడు, ఇంకా వెచ్చగా.

ఒక చెయ్యి మీట మీద ఉంచి రెండోది ఆమె చాచేలోపు బావగారు వంగి దాన్ని తీశాడు. తీసి నుదురు తుడుచుకున్నాడు. మెడ తుడుచుకున్నాడు. రెండు వేళ్ళతో పట్టుకుని ముక్కు చీది, మడిచి, మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఫోటోలో జిడ్డుగా పడకూడదుగా," అని దాన్ని తీసుకెళ్ళి మిషన్ మీద పడేసి, చెయ్యి నడుం మీద వేశాడు. పొట్ట బిగబట్టాడు. "కాస్త పక్కకి జరుగమ్మా, ఫ్రేములో పడుతున్నావు."

చిన్నకోడలు మిషన్ మీదున్న మేజోడునీ, దాని మడమ మీద మెరుస్తున్న తడినీ చూసింది.

"నేను జరిగితే మిషన్ ఆగిపోతుంది బావగారూ. ఆ సాక్సు తీసుకుని మీరే జరగండి. నాకు రోతగా ఉంది. సాక్సుతో కాదు, మీతో."

భర్త నేలచూపులు చూశాడు. తోడికోడలు కెమెరా కిందికి దించింది. బావగారు బిగబట్టిన పొట్ట వదలడం కూడా మర్చిపోయి తల్లి వైపు తిరిగాడు.

"విన్నావా అమ్మా?"

అత్తగారు ఆయన వైపు చూడలేదు. డ్రమ్ము వైపు చూస్తోంది, అది వరస వరసా తిరుగుతోంది.

"విన్నాన్రా," అంది. "జరుగు. జతకి రెండోది పడనీ."

బావగారు మేజోడు చేత్తో పట్టుకుని గుమ్మం దాకా జరిగాడు. రెండో మేజోడు అంచు అప్పటికే నాలుగు వేళ్ళ పొడుగు వచ్చింది.